వేలూరు దారిలో డాక్టరమ్మ
డాక్టర్ ఐడా స్కడర్ జీవితం (1870 – 1960)



మన సూళగిరి బస్టాండులో కృష్ణగిరి వైపు పోయే బస్సు కోసం నిలబడినప్పుడు ఒక తరహా ప్రయాణికులు మనకు తరచుగా కనబడతారు. చేతిలో ఎక్స్‌రే కవరు, చంకన దుప్పటి, సంచిలో రెండు స్టీలు గిన్నెలు. ఎక్కడికి వెళుతున్నారని అడగనవసరం లేదు, రాయవేలూరుకే. ఇక్కడ నయం కాదన్న జబ్బుకు మన పెద్దలు చివరగా చెప్పే ఊరు అదే. నెల్లూరు, ఒంగోలు, కర్నూలు జిల్లాలనుండి బ్రతుకుతెరువు కోసం హోసూరు ప్రాంతానికి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలోనైతేనేమి, తరతరాలుగా ఈ కొండల మధ్యనే తెలుగు మాట్లాడుతూ వ్యవసాయం చేసుకొంటున్న కుటుంబాలలోనైతేనేమి, ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కని ఇల్లు అరుదు.

ఆ ఆసుపత్రి ఎవరి చేత, ఎలా మొదలైనదో మన యౌవనస్థులలో చాలామందికి తెలియదని మేము గ్రహించాము. అందుచేత ఈ సంచికలో డాక్టర్ ఐడా స్కడర్‌గారి జీవితాన్ని క్లుప్తంగా వ్రాయదలచాము. కృష్ణగిరి, బర్గూరు, వాణియంబాడి, ఆంబూరు దాటి వేలూరు చేరి, అక్కడినుండి రాణిపేటకు పోయే రోడ్డు మనకు పరిచయమైనదే. ఆమె పుట్టినది ఆ రోడ్డు మీది రాణిపేటలో. పని చేసినది వేలూరులో.

తాతగారు, తండ్రిగారు

ఐడాగారి తాతగారు డాక్టర్ జాన్ స్కడర్. న్యూయార్కులో మంచి ప్రాక్టీసు ఉన్న వైద్యుడు. దానిని విడిచిపెట్టి 1819లో భార్యతో ఓడ ఎక్కి సింహళము చేరారు. అమెరికానుండి పరదేశానికి వెళ్ళిన మొదటి వైద్య మిషనెరీ ఆయనే. 1836లో మద్రాసుకు వచ్చారు. ఆయన ఏడుగురు కుమారులూ ఈ దేశములోనే మిషనెరీలయ్యారు. 1853లో వారు ఆర్కాటు మిషనును స్థాపించారు. రాణిపేటలో 1866లో మిషను ఆసుపత్రి వెలిసింది.

ఆ కుమారులలో ఒకరైన రెండవ జాన్ స్కడర్‌గారికి అన్నల తరువాత పుట్టిన ఆడపిల్ల ఐడా. 1870 డిసెంబరు 9న జన్మించారు. ఆమెకు ఆరేడు సంవత్సరాల వయస్సులో, అంటే 1876 – 78 మధ్య, మన తాతముత్తాతలు ధాత కరువు అని చెప్పుకొన్న మహా క్షామం వచ్చింది. ఇంటి ముందు నిలబడిన ఆకలిగొన్న పిల్లల నోట రొట్టె ముక్కలు పెట్టటం ఆమె చిన్ననాటి పని. ఎముకలు తేలిన ఆ పిల్లల రూపం ఆమె మనస్సునుండి ఎన్నడూ చెరగలేదు.

ఆ కరువు మన సంఘ చరిత్రలో కూడా పెద్ద మలుపు అని పాఠకులకు తెలుసు. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని వేలాది మందికి కూలి కల్పించినది అప్పుడే. ఆ తరువాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒకే కరువు ఒంగోలులో ఒక సంఘాన్ని పెంచింది. రాణిపేటలో ఒక చిన్నపిల్లను భయపెట్టింది. భయపెట్టినదనే మాట మేము కావాలనే వ్రాస్తున్నాము. ఎందుకంటే, ఆ తరువాత చదువుకోసం అమెరికా వెళ్ళిన ఐడా, ఈ దేశానికి తిరిగి రాకూడదని గట్టిగా నిర్ణయించుకొన్నారు. తల్లిదండ్రులు పరిచర్య కోసం భారతదేశానికి తిరిగి వెళ్ళి ఆమెను బంధువుల ఇంట విడిచినప్పుడు ఆ పిల్ల పడిన దుఃఖం కూడా దానికి తోడైనది. నార్త్‌ఫీల్డులో మూడీగారు స్థాపించిన బాలికల పాఠశాలలో చదువుతున్నప్పుడు కూడా ఆమె కోరుకొన్నది అందరిలాగే పెండ్లి, ఇల్లు, హాయిగా సాగే జీవితం.

ఒక రాత్రి, మూడు పిలుపులు

1890లో తల్లికి జబ్బు చేసినదని కబురు రాగా ఐడా బయలుదేరి వచ్చారు. తండ్రిగారు అప్పుడు తిండివనంలో పనిచేస్తున్నారు. తల్లికి నయం కాగానే తిరిగి వెళ్ళిపోవాలని ఆమె ఉద్దేశం.

ఒక రాత్రి ఆమె దీపం దగ్గర కూర్చుని ఉండగా వరండాలో అలికిడి అయింది. వచ్చినది ఒక బ్రాహ్మణ యువకుడు. చిన్న వయస్సున్న అతని భార్యకు కాన్పు కష్టమైనది. మంత్రసాని చేతులెత్తేసింది. ఐడా తాను డాక్టరును కానని, తన తండ్రిగారు డాక్టరని, ఆయనను పంపిస్తానని చెప్పారు. పరాయి మగవాడు తన భార్యను చూడటం ఆచారము కాదని, దానికంటె ఆమె చనిపోవటమే నయమని చెప్పి అతడు వెళ్ళిపోయాడు. కొంతసేపటికి ఒక ముస్లిం యువకుడు వచ్చాడు. అదే కష్టం, అదే జవాబు. తరువాత మూడవ మనిషి వచ్చాడు. అతడు కూడా వట్టి చేతులతో మరలిపోయాడు.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే సేవకుని పంపి విచారించగా, ముగ్గురు స్త్రీలూ చనిపోయారని తెలిసింది. ఊరిలో చావు డప్పు వినబడుతూనే ఉంది.

ఆ డప్పు విన్న తరువాత ఆమె తన గదిలోనికి వెళ్ళి తలుపు వేసుకొని చాలాసేపు ప్రార్థించారు. బయటికి వచ్చి, అమెరికా వెళ్ళి వైద్యం చదివి తిరిగి వస్తానని తల్లిదండ్రులకు చెప్పారు. ఈ సంగతిని మన సండేస్కూలులో పిల్లలకు కథగా చెప్పినప్పుడు మనం ఒక విషయం మరచిపోతుంటాము. ఆ ముగ్గురూ వైద్యానికి లోటు ఉన్న ఊరిలో చనిపోలేదు. నాలుగడుగుల దూరంలో అనుభవము గల వైద్యుడు ఉన్నాడు. వారికి కొరవడినది ఒక స్త్రీ వైద్యురాలు. ఐడాగారి పని అంతటికీ మూలం ఆ రాత్రి తెలిసిన ఈ ఒక్క సంగతే.

ఒక్క మంచముతో మొదలు

1895లో ఆమె ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరారు. తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాల స్త్రీలకు తలుపు తెరవగా అక్కడికి మారి 1899లో పట్టా పొందారు. వేలూరులో స్త్రీల ఆసుపత్రి కట్టటానికి డబ్బు కావాలి. షెల్ అనే ఒక వృద్ధ బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరున 10,000 డాలర్లు ఇచ్చారు.

1900 ఆరంభంలో ఆమె వేలూరు చేరారు. తండ్రి దగ్గర కొంతకాలం పని నేర్చుకోవచ్చునని ఆశపడ్డారు. ఆ ఏడాదే తండ్రిగారు ప్రభువునందు నిద్రించారు. ఆమె ఒంటరి అయ్యారు. మిషను బంగళాలో ఒక చిన్న గదిని మందుల గది చేసుకొన్నారు. ఒక్క మంచం వేసుకొని వైద్యం మొదలుపెట్టారు. మొదట ఎవరూ నమ్మలేదు. వయస్సులో చిన్నది, పెండ్లి కానిది, పరదేశి. ఒకరికి నయమైన తరువాత మరొకరు, కంటి జబ్బుతో ఒకరు, గడ్డతో ఒకరు రాసాగారు. కొద్ది నెలలలోనే వాకిలి నిండిపోయేది. ఆపరేషను చేయవలసి వచ్చినప్పుడు సహాయానికి మరొక డాక్టరు గాని నర్సు గాని లేరు. ఇంట్లో పని చేసే సలోమి అనే స్త్రీకి చేతులు కడుక్కోవటం, పనిముట్లు మరిగించటం, అందించటం నేర్పి పక్కన నిలబెట్టుకొన్నారు. నేటి ఆ మహా సంస్థలో మొదటి నర్సు ఎవరంటే సలోమి అనే చెప్పాలి.

1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరవబడింది.

చెట్ల క్రింద ఆసుపత్రి

ఆసుపత్రి కట్టిన తరువాత కూడా ఆమెకు నెమ్మది కలగలేదు. పల్లెలనుండి వచ్చేవారు ఆలస్యంగా వచ్చేవారు. బండి కట్టించే స్తోమత లేక, పొలం పని విడిచి రాలేక, జబ్బు ముదిరిన తరువాత వచ్చేవారు. వారు రాలేకపోతే తానే వెళ్ళాలని ఆమె అనుకొన్నారు. గుడియాత్తం పోయే రోడ్డు మీద వారం వారం బయలుదేరి, ఫలానా చెట్టు క్రింద ఫలానా వేళకు ఆగటం అలవాటు చేశారు. మొదట ఎద్దుబండి. 1909లో ఒక చిన్న ప్యూజో కారు వచ్చింది. ఎద్దులు లేకుండా చప్పుడు చేస్తూ వచ్చే బండిని చూసి జనం మొదట్లో పొలాలకు అడ్డంపడి పరుగెత్తేవారు. తరువాత అదే చప్పుడు కోసం రోడ్డు ప్రక్కన ఎదురుచూచేవారు.

ఆ చెట్ల క్రింద పుండ్లు కడిగి కట్టు కట్టేవారు, కండ్లలో మందు వేసేవారు, పండ్లు పీకేవారు, గడ్డలు కోసేవారు. కుష్ఠరోగులను కూడా అక్కడే చూచేవారు. పెద్ద ఆపరేషను కావలసినవారిని వెంట వేలూరుకు తెచ్చుకొనేవారు. ఆ ప్రాంతపు పల్లెలలో తమిళంతోపాటు తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు కలిసి ఉంటారు. అందరూ ఒకే వరుసలో కూర్చునేవారు. యెరికోకు పోయే దారిలో గాయపడిన మనిషిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం మనమందరమూ ఎరిగినదే. ఐడాగారు గుడియాత్తం దారిలో దానిని ప్రతి వారం ఆచరించారు.

స్త్రీలకు వైద్య విద్య

తాను ఒక్కతే రోజుకు ఎన్ని గంటలు పని చేసినా వేలూరు జిల్లాకు చాలదని ఆమెకు త్వరలోనే అర్థమైంది. ఆ మూడు పిలుపులకు జవాబు ఒక డాక్టరమ్మ కాదు, వందలాది మంది డాక్టరమ్మలు కావాలి. వారు ఈ దేశపు బిడ్డలే కావాలి. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. తరువాత స్త్రీల వైద్య పాఠశాలకు ప్రభుత్వాన్ని అనుమతి కోరారు. ఆడపిల్లలు ఆరుగురైనా వస్తారా అని అధికారులు సందేహించారు. 1918లో పాఠశాల తెరిచేసరికి 151 దరఖాస్తులు వచ్చాయి. చేర్చుకోగలిగినది ఇరవై మంది లోపు మాత్రమే. నాలుగేండ్ల తరువాత 1922లో చివరి పరీక్షకు కూర్చున్న 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. మగపిల్లల పాఠశాలలలో ఎక్కువ మంది తప్పిన పరీక్ష అది.

ఇక్కడ మన బాప్టిస్టు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. వేలూరు కళాశాలకు అమెరికాలో నిధులు కూర్చిన స్త్రీలలో ముందు నిలిచినది శ్రీమతి లూసీ పీబడీ. ఈమె 1881లో మొదటి భర్త వాటర్‌బరీగారితో మద్రాసు వచ్చి, మన తెలుగు బాప్టిస్టు మిషనులో పనిచేసిన స్త్రీ. 1886లో భర్త ఇక్కడే చనిపోగా, పసిబిడ్డలతో స్వదేశానికి తిరిగి వెళ్ళారు. ఈ దేశంలో భర్తను పోగొట్టుకొన్న ఆమె ఈ దేశపు స్త్రీలను మరువలేదు. ఆసియాలోని క్రైస్తవ స్త్రీల కళాశాలల కోసం 1920 ప్రాంతంలో పెద్ద ఉద్యమం నడిపారు. స్త్రీలు 20 లక్షల డాలర్లు కూర్చితే రాక్‌ఫెల్లర్ నిధి మరొక 10 లక్షలు ఇస్తామని మాట ఇచ్చింది. సంఘాలలోని స్త్రీలు ఒక్కొక్క డాలరు వేసి ఆ మొత్తాన్ని కూర్చారు. ఆ డబ్బులో వేలూరుకు కూడా వాటా వచ్చింది. 1923 ప్రాంతంలో ఊరి మధ్య కొత్త ఆసుపత్రి లేచింది. తరువాత ఊరి వెలుపల బాగాయంలో కళాశాల భవనాలు లేచాయి.

డెబ్బై ఏండ్లకు వచ్చిన పరీక్ష

విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో ఆమెకు పెద్ద కష్టం వచ్చింది. 1930ల చివర మద్రాసు ప్రభుత్వం పాత డిప్లొమా చదువును తీసివేసి, ఇకమీదట యం.బి.బి.యస్. డిగ్రీ మాత్రమే ఉండాలని నిర్ణయించింది. డిగ్రీ కళాశాలకు మరిన్ని పడకలు, మరిన్ని ప్రయోగశాలలు, పై చదువులు చదివిన ఆచార్యులు కావాలి. అవి లేకపోతే మూసివేయాలి. 1941లో, డెబ్బై ఏండ్లు దాటిన ఆమె, మళ్ళీ అమెరికా వెళ్ళి యుద్ధకాలమంతా ఊరూరా తిరిగి ఆసుపత్రి కోసం అడిగారు. 1942లో డిగ్రీ తరగతులకు అనుమతి వచ్చింది.

అయితే మరొక ముడి ఉంది. సంస్థ నిలవాలంటే స్త్రీ పురుషులిద్దరికీ కలిపి నడపాలని, అన్ని మిషనులూ చేయి కలపాలని చాలామంది చెప్పారు. స్త్రీల కోసమని డాలరు డాలరు కూర్చినవారు కొందరు దీనికి గట్టిగా అడ్డుచెప్పారు. వారి బాధలో న్యాయం లేకపోలేదు. మగవాని చేతి వైద్యం లేక కాదు గదా ఆ ముగ్గురు స్త్రీలు చనిపోయినది! ఐడాగారికి ఇది జీవితమంతటినీ తిరిగి తూకము వేసుకొనవలసిన సమయం. చాలాకాలం ప్రార్థించి, చివరకు ఆమె అంగీకరించారు. తన కల ఉన్నది ఉన్నట్టుగా మిగలటం కంటె ఆసుపత్రి బ్రతకటం ముఖ్యమని ఎంచారు. పాత స్నేహితులలో కొందరు దూరమయ్యారు. 1947లో మగపిల్లలు యం.బి.బి.యస్.లో చేరారు. స్వంతంగా పెంచిన మొక్కను పదిమంది చేతికి అప్పగించటం ఎంత కష్టమో, మన సంఘాలలో కమిటీలు నడిపిన పెద్దలకు తెలుసు.

విశాఖపట్నపు బిడ్డ

1946లో ఆమె బాధ్యతలనుండి విరమించి కోడైకెనాలులో స్థిరపడ్డారు. కొద్దికాలానికే ఆ సంస్థ బాధ్యత ఒక భారతీయ స్త్రీ చేతికి వచ్చింది. ఆమె మన తెలుగువారే, డాక్టర్ హిల్డా లాజరస్. 1890లో విశాఖపట్నంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఇంగ్లాండులో పై పట్టాలు పొంది, ప్రభుత్వ స్త్రీ వైద్యశాఖకు అధిపతిగా పనిచేసి వేలూరుకు వచ్చారు. ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరుగా 1954 వరకు నడిపారు. 1961లో పద్మశ్రీ పొందారు. 1978లో కన్నుమూశారు. ఐడాగారు వైద్యురాలిని కానని చెప్పుకోవలసిన దీనస్థితికి దారితీసిన ప్రయాణం చేసినది 1890లో. అదే సంవత్సరం ఆమె పనిని అందుకొనే బిడ్డ విశాఖలో ఊయలలో ఉన్నదని ఆమెకు ఎలా తెలుస్తుంది?

1960 మే నెలలో, 89 ఏండ్ల వయస్సులో, ఐడాగారు కోడైకెనాలులో ప్రభువునందు నిద్రించారు. ఆమె వివాహం చేసుకొనలేదు. ఒక్క మంచముతో మొదలుపెట్టిన పని ఆమె పోయిన తరువాత కూడా ఆగలేదు. 1961లో దేశంలోనే మొదటిసారి గుండెను తెరిచి చేసే ఆపరేషను అక్కడ జరిగింది. 1977లో గుడియాత్తం దారిలోనే ఉన్న కె.వి. కుప్పంలో పల్లెల ఆరోగ్యం కోసం ప్రత్యేక సంస్థ మొదలైంది. ఆమె బండి ఆగిన దారిలోనే అది నిలిచింది. 2000లో మన తపాలా శాఖ వేలూరు సంస్థ శతవార్షికోత్సవానికి స్టాంపు విడుదల చేసింది. 2022లో ఆమె పుట్టిన రాణిపేటలో ఆ సంస్థ కొత్త ఆసుపత్రి తెరవబడింది.

మన మాట

ఇంతవరకు వ్రాసి, మా స్వంత సంగతి ఒకటి ఒప్పుకొనకుండా ముగించటం మాకు సరి అనిపించలేదు. చాలా సంవత్సరాల క్రితం మన విశ్వాసులలో ఒకాయన తన కుమార్తెకు నర్సింగు సీటు వచ్చినదని చెప్పి మా సలహా అడిగారు. రాత్రి డ్యూటీలు, పరాయి ఊరు, రేపు సంబంధాలు కుదరటం కష్టం అని మేము వెనక్కు లాగాము. ఉపాధ్యాయులము, సంఘపెద్దలము గనుక మా మాట ఆయన విన్నారు. ఆ అమ్మాయి ఫ్యాక్టరీలో చేరింది. కొన్నాళ్ళకు మా అత్తగారిని తీసుకొని మేము రాయవేలూరు వెళ్ళాము. రాత్రి రెండు గంటలకు ఆమెకు ఊపిరి ఆడనప్పుడు వార్డులో పరుగెత్తుకొని వచ్చి పట్టుకొన్నది ఒక తెలుగు నర్సు. మాట తీరునుబట్టి ఒంగోలు వైపు పిల్ల. తమిళం రాని మా అత్తగారికి ఆమె గొంతే సగం ధైర్యం. ఆ పిల్లను ఆ రాత్రి డ్యూటీకి పంపిన తండ్రి ఎవరో గాని, ఆయన ముందు మేము తల వంచవలసినవారమే.

ఐడాగారి జీవితాన్ని తలచుకొన్నప్పుడల్లా మాకు ఆ నర్సు, ఆ ఫ్యాక్టరీ అమ్మాయి ఇద్దరూ గుర్తుకు వస్తారు. మన ఊళ్ళలోని చిన్న చిన్న ఆసుపత్రులకు ఈ రోజు కూడా గోడల కంటె చేతులే ఎక్కువ అవసరం. వచ్చే జూన్ నెలలో మన సంఘాలలో ప్లస్ టూ, ఇంటర్ పూర్తిచేసిన ఆడపిల్లలు ఇంటింటా ఉంటారు. ఏ పిల్లయినా వైద్యం గాని, నర్సింగు గాని చదువుతానంటే, తల్లిదండ్రులు ముందుగా సంఘపెద్దల దగ్గరకే వస్తారు. అప్పుడు మనం ఏమి చెప్పబోతున్నాము? ఫీజు కట్టలేని ఇల్లు అయితే సంఘ నిధినుండి కొంత, స్త్రీల సమాజంనుండి కొంత కూర్చటానికి మనకు అభ్యంతరమేమిటి? ఒక్కొక్క డాలరు వేసిన ఆ స్త్రీలు మనకంటె ధనవంతులు ఏమీ కారు.

ఈసారి మమ్మును అడిగితే మేము వెళ్ళమనే చెబుతాము. బస్సెక్కించటానికి సూళగిరి బస్టాండు వరకు కూడా వస్తాము.